వాకిట నిలిచిన ఉత్తరము

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ఏదైన నొక సాహిత్య విషయమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ప్రబంధములను గూర్చి చెప్పగల విద్వాంసులు ఈ సభలోనే పలువురు కలరు. నాకు తెలిసినది ఒక బల్ల, ఒక కుర్చీ, ఆ బల్లపై నొక కంప్యూటరు. కనుక ఆ కంప్యూటరు తెర మూలను రెండు క్షణములు మెరసి మాయమగు ఒక చిన్న పెట్టెను గూర్చి మాటలాడెదను. ‘మీకు క్రొత్త మెయిలు వచ్చినది’ అని చెప్పు సూచన యది. మనమందరము దానిని నోటిఫికేషను అని పిలుచుచున్నాము. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద సభ యేల యని నవ్వకుడు. ఆ చిన్న పెట్టె కనబడకపోవుటచేత ఈ రింగు రోడ్డులో ఒక తెలుగువాని దుకాణమునకు చిక్కు వచ్చినది. నా యింటికి ఒక వెలితి వచ్చినది. ఆ రెండు సంగతులును మీతో చెప్పుకొనవలెనని నా కోరిక.

మన పెద్దల కాలమున ఉత్తరము వచ్చుట యొక చిన్న వేడుక. తపాలా బంట్రోతు వీధి మొదట నుండగనే సైకిలు గంట వినబడెడిది. అతడు కార్డును అరుగుమీద పడవేసి పోయినచో అది క్షేమ సమాచారము. సంతకము పెట్టుమని నిలిచినచో అది రిజిస్టరు ఉత్తరము, అనగా భూమి తగవో, ఉద్యోగపు ఉత్తర్వో. వేళగాని వేళ తలుపు తట్టి ‘తంతి’ అన్నచో చదువకముందే ఇంటిలోని ఆడువారు ఏడ్చెడివారు. ఉత్తరమును విప్పకముందే అది వచ్చిన తీరునుబట్టి దాని బరువు తెలిసెడిది. ఆ తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. రిజిస్టరు తపాలా 2025లో స్పీడు పోస్టులో కలిసిపోయినది. నేడు పెండ్లి పిలుపును, పన్ను నోటీసును, చీరల దుకాణపు తగ్గింపు ప్రకటనయు ఒకే ద్వారమున, ఒకే చప్పుడుతో వచ్చుచున్నవి. ఏది కార్డో, ఏది తంతియో చెప్పువాడు లేడు. మన కష్టమంతయు ఇక్కడనే పుట్టుచున్నది.

ఈ చప్పుడునకు ఒక చరిత్ర కలదు. 1971లో రే టామ్లిన్సన్ అను అమెరికా ఇంజనీరు నెట్‌వర్కు మీద ఒక కంప్యూటరునుండి మరొక కంప్యూటరునకు మొదటి ఈ-మెయిలును పంపెను. మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ నేడు మనము వాడు గుర్తును పెట్టినవాడును ఆయనయే. ఉత్తరము వచ్చెను గాని, వచ్చినదని చెప్పువాడు కావలసివచ్చెను. 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ యూనిక్సులో ‘బిఫ్’ అను చిన్న ప్రోగ్రామును చేర్చిరి. క్రొత్త మెయిలు వచ్చినపుడు పనిచేయుచున్నవాని తెరమీద అది తెలుపును. బిఫ్ అనునది అక్కడి విద్యార్థి నొకరి కుక్క పేరు. తపాలా బంట్రోతును చూచి ఆ కుక్క మొరిగెడిదట, అందుచేత ఆ పేరు పెట్టిరట అని లోకమున కథ వ్యాపించినది. అది కట్టుకథ యనియే తెలిసినవారు చెప్పిరి. కుక్క సాధువే, మొరుగుట మనము కల్పించినది. 1989లో ఎల్వుడ్ ఎడ్వర్డ్స్ అను ఉద్ఘోషకుడు తన ఇంటిలో కూర్చుండి ‘మీకు మెయిలు వచ్చినది’ అను నర్థముగల చిన్న వాక్యమును కేసెట్టుపై పలికి యిచ్చెను. అమెరికా ఆన్‌లైను సంస్థ ద్వారా ఆ గొంతు కోట్లాది ఇండ్లలో వినబడెను. 2024 నవంబరులో ఆయన మరణించినపుడు ఆయన ముఖ మెరుగనివారు సైతము ఆ గొంతును తలచుకొనిరి. మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా లభించినది. అటుపిమ్మట మన యిండ్లలోను ఈ గంట మ్రోగ నారంభించినది.

ఇక మెయిలు మన బల్లమీదికి ఎట్లు వచ్చునో చూతము. దీనికి ఉపమానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. సహారా దర్వాజా మొదలు మజూరా గేటు వరకు వంతెన క్రింద వరుసగా నున్న బట్టల మార్కెట్టులను మీరు ప్రతిదినము చూచుచున్నారు. వ్యాపారికి రావలసిన పార్శిలు మొదట దుకాణమునకు రాదు. ట్రాన్స్‌పోర్టు గోదామునకు వచ్చును. అక్కడనుండి కబురు రావలెను. ఎవరో బిల్టీ చూపి సరకు విడిపించవలెను. కూలివాడు మోసుకొని మెట్లెక్కవలెను. అప్పుడుగాని గద్దిమీద కూర్చున్న సేఠునకు మూట కనబడదు. మెయిలును అట్టిదే. అది మొదట చేరునది మన కంప్యూటరు కాదు, ఎక్కడనో యున్న సర్వరు. మన కంప్యూటరునకు అది రెండు విధముల తెలియును. ఒకటి, మన ప్రోగ్రామే అయిదు పది నిమిషముల కొకసారి పోయి ‘ఏమైన వచ్చినదా’ యని అడుగుట. రెండవది, సర్వరుతో తీగను తెంపక పట్టుకొని కూర్చుండుట. ఉత్తరము రాగానే సర్వరే చెప్పును. ఈ రెండవ పద్ధతికి 1997లో ఒక ప్రమాణము వ్రాయబడినది. మొదటి పద్ధతి నడచుచోట గంట ఆలస్యముగా మ్రోగుట దోషము కాదు, స్వభావము.

కబురు వచ్చిన తరువాతను అది మన కన్నులకు చేరుటకు అయిదు వాకిండ్లు దాటవలెను. మెయిలు స్పాము అను చెత్తబుట్టలో పడకుండవలెను. మెయిలు తెరచిన ప్రోగ్రామో బ్రౌజరో మూతపడక నడచుచుండవలెను. ఆ మెయిలు సేవ యొక్క సెట్టింగులలో డెస్క్‌టాప్ నోటిఫికేషన్లను అనుమతించి యుండవలెను. బ్రౌజరు కూడ ఆ స్థలమునకు అనుమతి నిచ్చి యుండవలెను. కట్టకడపట విండోసు వంటి మూలవ్యవస్థ దానిని తెరపై చూపుట కొప్పుకొనవలెను. ఈ అయిదింటిలో ఏ యొక్కటి మూసియున్నను ఉత్తరము వచ్చియుండును, గంట మ్రోగదు. మనము నాలుగు వాకిండ్లు తెరచి, అయిదవదాని గడియ తీయుట మరచి, యంత్రమును తిట్టుచున్నాము.

ఇపుడు మొదటి సంగతి చెప్పెదను. ఆయన పేరు చెప్పను. మీలో కొందరు గుర్తింపగలరు, గుర్తించినను మనసులోనే యుంచుకొనుడు. కరీంనగరు ప్రాంతమునుండి పడుచుతనమున మరమగ్గముపై పనికి వచ్చిన పద్మశాలి సోదరుడు. లింబాయతులో ఒక గదిలో నలుగురితో నుండి, రాత్రిపాళి నడపి, పైస పైస కూడబెట్టి, రింగు రోడ్డు మార్కెట్టులో మూడవ అంతస్తున చీరల దుకాణము పెట్టెను. ఆయన ఒకనాటి సాయంకాలము కాగితము పట్టుకొని నా యింటికి వచ్చెను. నేను పన్నుల శాఖవాడను కాను. అయినను ‘సారూ, మీరు సర్కారు కొలువు జేస్తరు గదా, జర సూడుండ్రి’ అనెను. జీఎస్టీ లెక్కలలో తేడా యున్నదనియు, జవాబు రాలేదు గనుక పన్నును జరిమానయు కట్టవలెననియు వెలువడిన ఉత్తర్వది. ‘నోటీసు నాకు రానే లేదు’ అని ఆయన ప్రమాణము చేసెను. ఇద్దరము కంప్యూటరు ముందు కూర్చుండి చూచితిమి. పోర్టలులో నోటీసు మూడు నెలలనుండి పడియున్నది. మెయిలును పోయినది. కాని అది ఎవరికి పోయినది? రిజిస్ట్రేషను నాడు ఆయనకు మెయిలు చిరునామా లేదు. లెక్కలు వ్రాయు నతడు తన చిరునామాయే వ్రాసెను. అతడు పని మాని రెండేండ్లైనది. గంట మ్రోగనే మ్రోగినది, కాని ఎవరో పరాయివాని బల్లమీద.

ఇందు ధర్మమేమో అందరును తెలిసికొనవలెను. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టము 169వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషనులో ఇచ్చిన మెయిలు చిరునామాకు పంపుటయు, పోర్టలులో పెట్టుటయు నోటీసు అందజేయు మార్గములలో చేరినవి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 13వ సెక్షను ఇంకను స్పష్టముగా చెప్పుచున్నది. వేరే ఒప్పందము లేనిచో, మనము చూపిన కంప్యూటరు వ్యవస్థలో పత్రము ప్రవేశించిన క్షణమే అది అందిన క్షణము. మనము చదివిన క్షణము కాదు. గంట మ్రోగిన క్షణమును కాదు. పోర్టలులో ఒక మూలనున్న పట్టికలో నోటీసు పెట్టిరనియు, తమకు తెలియనే లేదనియు వ్యాపారులు మొరపెట్టుకొనగా మద్రాసు, ఢిల్లీ హైకోర్టులు కొన్ని వ్యాజ్యములలో వారికి మరల అవకాశమిచ్చినవి. కాని కోర్టు మెట్లెక్కి పొందు న్యాయము చీరల దుకాణమునకు ఖరీదైన సరకు.

ఆదాయపు పన్ను విషయమున చట్టము కొంత దయ చూపినది. ముఖాముఖి లేని అసెస్‌మెంటును 2020 ఆగస్టు 13న విస్తరించి, 2021 ఏప్రిలు నుండి 1961 చట్టములో 144బి సెక్షనుగా చేర్చినపుడు, పత్రమును ఖాతాలో పెట్టుటయే గాక, వెంటనే తెలుపు ‘రియల్ టైమ్ అలర్టు’ను కూడ పంపవలెనని నియమించిరి. ఫోనుకు సందేశముగానో, మెయిలుగానో ఆ కబురు పోవలెను. పత్రము అందించుట యొకటి, అందినదని చెప్పుట మరియొకటి అని ఆ నియమము ఒప్పుకొనినది. ఆ కబురు కూడ మనమిచ్చిన చిరునామాకే వచ్చును. చిరునామా పరాయివానిదైనచో దయయు పరాయివాని యింటికే పోవును.

ఆ సోదరునకు అదృష్టము కొంత మిగిలియుండెను. ఉత్తర్వు తెలిసిన నాటినుండి మూడు నెలలలో అప్పీలు చేసికొనవచ్చును. తగిన కారణము చూపినచో మరియొక నెల గడువు దొరకును. ఆ గడువు ఇంకను దాటలేదు. వివాదములోనున్న పన్నులో పదియవ వంతు ముందుగా కట్టి ఆయన అప్పీలు చేసెను. ఆనాడే పోర్టలులో మెయిలును, ఫోను నంబరును మార్పించితిని. ‘మీ దుకాణపు తాళము ఎవరి చేతికిత్తురు? మెయిలు చిరునామాయు తాళమే’ అని నేను ఆయనకు పెద్ద ఉపన్యాస మిచ్చితిని. ఆయన తల యూచి వినెను.

ఉపన్యాసమిచ్చినవాని సంగతి ఇక వినుడు.

ఆ తరువాత రెండు నెలలకు మా కార్యాలయములో ఒక సమావేశము జరిగినది. నా కంప్యూటరు తెరను గోడమీద చూపి లెక్కలు వివరింపవలసి యుండెను. నడుమ నా సొంత మెయిళ్లు అందరి కన్నుల బడునని సిగ్గుపడి, విండోసులో ‘డు నాట్ డిస్టర్బ్’ అను మీటను నేనే నొక్కితిని. సమావేశము ముగిసినది, చప్పట్లు కొట్టిరి, ఆ మీటను మరచితిని. గంట మ్రోగినప్పుడే మెయిలు చూచుట నా కలవాటు. గంట మ్రోగలేదు, నేను లోతుగా చూడలేదు. పైపైన కనబడిన నాలుగింటికి జవాబులిచ్చుచు వచ్చితిని. పదునొకండవ దినమున వేరొక కాగితము కొరకు వెదకుచుండగా, నూటికి మించిన మెయిళ్ల క్రింద ఒక సర్క్యులరు కనబడినది. హైదరాబాదునకు బదిలీ కోరువారు తొమ్మిది దినములలో తమ ఇష్టమును తెలుపవలెను అని దాని సారాంశము. గడువు రెండు దినముల క్రిందటనే ముగిసినది. నేను బ్రతిమాలితిని. జాబితా పైకి వెళ్లిపోయినదనిరి. వారి తప్పేమియు లేదు. ఉత్తరము వేళకే వచ్చినది.

మా అమ్మ హనుమకొండలో నున్నది. అప్పటికే ఆమెకు ఎనుబది రెండేండ్లు. హైదరాబాదులో నుండినచో వారమున కొకసారి రైలెక్కి పోయి చూచి రావచ్చును. సూరతునుండి ఏడాదికి రెండు పర్యాయములు పోవుటయే గగనము. ఆ రాత్రి ఫోనులో సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, ‘గంట కొట్టకపోతే ఏమాయె బిడ్డా, నువ్వన్న ఒకపారి వాకిట్లకు తొంగి సూడకపోతివా?’ అనెను. ఆ మాటలో నిందలేదు. తపాలా బంట్రోతు రాని దినమున సైతము మధ్యాహ్నము వేళ వాకిలి దాక వచ్చి వీధివైపు చూచు అలవాటుగల మనిషి ఆమె. నేను సూరతులో చేరిన క్రొత్తలో నా ఉత్తరము కొరకు అట్లు చూచెడిదని మా చెల్లెలు తరువాత చెప్పినది. అమ్మ ఇప్పుడును హనుమకొండలోనే యున్నది. నేను ఇక్కడనే యున్నాను.

సోదరులారా, ఈ రెండు సంగతులనుండి నేను నేర్చినది చిన్న పాఠము. గంటలు ఎక్కువైనకొలది చెవి మొద్దుబారును. చెవి మొద్దుబారినవాడు విసిగి గంటలన్నింటిని ఆపివేయును. ఆపినవాడు కావలసిన గంటను కూడ పోగొట్టుకొనును. కనుక అన్నింటికిని గంట వలదు. ఏది తంతియో మనమే యెన్నుకొని, దానికి మాత్రమే గంట కట్టవలెను. తక్కినవానికి వేళ పెట్టుకొని వాకిలి చూడవలెను.

అది చేయు విధమును చెప్పెదను. కాగితము కలవారు వ్రాసికొనుడు. విండోసులో సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్ అనుచోట నోటిఫికేషన్స్ చూడుడు. పైన నున్న మీట వేసియున్నదా, డు నాట్ డిస్టర్బ్ తీసియున్నదా, క్రింది జాబితాలో మీ బ్రౌజరునకో మెయిలు ప్రోగ్రామునకో అనుమతి యున్నదా, ఈ మూడును పరీక్షింపుడు. తెరను గోడమీద చూపునపుడు గంట తానుగా మూగవోవునట్టి నియమములును అక్కడనే యుండును. తరువాత బ్రౌజరులో చిరునామా పట్టీ ప్రక్కన నొక్కి, మీ మెయిలు స్థలమునకు నోటిఫికేషన్ల అనుమతి నిచ్చితిరో లేదో చూడుడు. జీమెయిలు వాడువారు పండ్లచక్రము గుర్తును నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్ లోనికి పోయి, జనరల్ అను పుటలో డెస్క్‌టాప్ నోటిఫికేషన్స్ అనుచోటికి రావలెను. అక్కడ మూడు మార్గములు కలవు: క్రొత్త మెయిలన్నింటికి, ముఖ్యమైనవానికి మాత్రమే, లేదా అసలు వలదు. ముఖ్యమైనవానికి మాత్రమే అనుదానిని ఎన్నుకొనుడు. అట్టడుగున సేవ్ ఛేంజెస్ నొక్కనిచో చేసినదంతయు వృథా. నూటికి సగము మంది ఇక్కడనే తప్పుదురని నా అనుభవము. ముఖ్యమైనవేవో యంత్రమునకు చెప్పుటకు ఫిల్టరు అను సాధనము కలదు. కార్యాలయము, పన్ను పోర్టలు, బిడ్డల కళాశాల, వీరి చిరునామాలకు ఒక్కొక్క ఫిల్టరు పెట్టి, ఎల్లప్పుడు ముఖ్యమైనదిగా గుర్తింపుము, ఎన్నడును స్పాములో వేయకుము అని ఆజ్ఞాపింపుడు. ఇక ఆ తంతులకు మాత్రమే గంట మ్రోగును. గుర్తుంచుకొనుడు, బ్రౌజరులో మెయిలు తెరచియుండనిచో ఈ ఏర్పాటేదియు పనిచేయదు.

మన కార్యాలయపు మెయిలు గూర్చి ఒక మాట. 2025 నాటికి పలువురు కేంద్ర ప్రభుత్వోద్యోగుల మెయిలు ఖాతాలు జోహో సంస్థ వేదికకు మార్చబడినవి. చిరునామా మారలేదు గాని ఇల్లు మారినది. పాత ఇంటి వాకిటికి కట్టిన గంట క్రొత్త యింటిలో మ్రోగదు. బ్రౌజరు అనుమతి స్థలము స్థలమునకు వేరు. ఇంతవరకు పరీక్షింపనివారు సోమవారమునాడు పరీక్షింపుడు.

దొంగ గంటలును కలవు. ఏదో వార్త చదువబోగా ‘నోటిఫికేషన్లు పంపుదుమా, అనుమతింపుడు’ అని ఒక పెట్టె లేచును. తొందరలో నొక్కినచో నాటినుండి మీ కంప్యూటరులో వైరసు చేరినదనియు, బహుమతి వచ్చినదనియు తెర మూలనుండి కూయుచుండును. అది మెయిలు కాదు. ఆ అనుమతిని బ్రౌజరు సెట్టింగులలో తీసివేసినచో ఆగిపోవును. పన్ను నోటీసు వలె కనబడు మెయిలు వచ్చినపుడు అందలి లంకెను నొక్కకుడు. 2019 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్ను శాఖ పత్రములకు ‘డిన్’ అను గుర్తింపు సంఖ్య యుండవలెనని నియమము వచ్చినది. పోర్టలునకు మీరే పోయి ఆ సంఖ్య నిజమైనదో కాదో చూచుకొనవచ్చును. తలుపు తట్టినవాడు ఎవడో చూడకుండ గడియ తీయరాదని మన యింటి ముసలివారు చెప్పినదియు ఇదియే కదా.

తల్లులారా, మీకును ఒక మనవి. పురుషులు కార్యాలయములో రోజంతయు తెర చూచి విసిగి వచ్చి, ఇంటిలోని కంప్యూటరును చూడరు. పిల్లల ప్రవేశపరీక్షల గడువులు, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు కబుర్లు అందులోనే వచ్చుచున్నవి. రాత్రి భోజనానంతరము పదినిమిషములు ఇల్లంతయు ఒకచోట కూర్చుండి మెయిలు చూచు నియమము మా యింటిలో పెట్టుకొంటిమి. స్పాము బుట్టను కూడ వారమున కొకసారి బోర్లించుచున్నాము.

చివరగా ఈ సంఘమునకు ఒక విన్నపము. రింగు రోడ్డు మార్కెట్టులలోను, లింబాయతు, ఉధ్నా మరమగ్గపు పేటలలోను మన తెలుగు సోదరులు ఎందరో కలరు. అక్షరము వచ్చినను ఈ యంత్రపు మర్యాదలు వారికి తెలియవు. నెలకొక ఆదివారము మనలో ఇద్దరు ముగ్గురు ఒక బల్ల వేసికొని కూర్చుందము. వచ్చినవారి పోర్టలులో ఎవరి చిరునామా యున్నదో చూచి, వారిది వారికి వ్రాయింతము. సంకేతపదములు మనము అడుగరాదు, వారే వ్రాసికొందురు. మొదటి ఆదివారమునకు బల్లయు, కంప్యూటరును నేను తెచ్చెదను. ఆ చీరల దుకాణపు సోదరుడు టీ ఖర్చు తానే భరింతునని ఇప్పటికే చెప్పియున్నాడు.

గంట మ్రోగినను మ్రోగకున్నను ఉత్తరము వాకిట వచ్చి నిలుచుచున్నది. దినమున కొకసారి తొంగిచూచుట మన విధి.